నా పలకలో రాని పేరా

జ్యేష్ఠ శుద్ధ పంచమి

తరగతి బయట ఏం చదివితే దాని గురించి వారానికి రెండుసార్లు రాసి ఇమ్మని కస్తూరి మేడమ్ అన్నారు. అందులో ఏముందో కాదట, చదివాక మనకేమనిపించిందో రాయాలట. నేను రోజూ లెక్క రాసుకునే మనిషిని. ఎన్ని స్తంభాలు గీకాను, పోటు ఎంతదాకా వచ్చింది, కాలవలో ఉప్పు ఎంత ఉంది, ఇంతే. అందులో అనిపించడాలు ఉండవు.

నా పని ఇళ్ళ స్తంభాలకు పట్టిన గుల్ల గీకడం. మా వరసలో ఇళ్ళన్నీ నీళ్ళ మీదే ఉన్నాయి. గీకకుండా వదిలేస్తే గుల్ల కింద పురుగు చేరి కొయ్యను డొల్ల చేస్తుంది, ఇల్లు ఒరుగుతుంది. బడికి నేనెప్పుడూ వెళ్ళలేదు. పడవల మీద రాసిన పేర్లు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. ఈ వయసులో బెంచీ ఎక్కడానికి కారణం నీటి కమిటీ. ఇకమీదట వరసకొక మంచినీళ్ళ తొట్టి ఉండాలట, దాన్ని చూసుకునే మనిషి మేడమ్ నడిపే ఈ చదువు తరగతి పూర్తిచేసి ఉండాలట. ఆ మీటింగుకు నేను ఆలస్యంగా వెళ్ళాను. వెళ్ళేసరికి నా పేరు రాసేశారు.

తరగతిలో ఇచ్చిన చదువు పలకలో వచ్చిన మొదటి పుస్తకం సముద్రానికి అడ్డంగా గోడ కట్టించిన ఒక పెద్దమనిషి జీవితకథ. ఆయన పట్టుదల, ఆయన పొదుపు, ఆయన తెల్లవారుజామున లేవడం. ఆ గోడ ఇప్పుడు మా ఇళ్ళ కింద, నీళ్ళలో ఉంది. పుస్తకంలో ఆ సంగతి లేదు. నాకు అనిపించింది ఇదే.

శుద్ధ అష్టమి

ఇంకొంచెం ఎక్కువ రాయమని మేడమ్ కింద రాశారు. సరే.

అదే పుస్తకాన్ని ఎదురింటి మాణిక్యం కూడా చదివింది. ఎండుచేపలు అమ్ముకునే మనిషి. తొట్టి పనిలో నాకు తోడుగా ఉంటుందని ఆమె పేరూ రాశారు. ఆమె పలకలో గోడ కట్టించిన పెద్దమనిషి పేరు రెండుచోట్లకు మించి లేదు. కథంతా ఆయన భార్యది. భర్త గోడ దగ్గర, భార్య ఒంటరిగా ఇంట్లో, పుట్టిన పిల్లకు జ్వరం. మాణిక్యం చదివినంతసేపూ ముక్కు చీదుతూనే ఉంది. వెనక బెంచీలో గుర్నాథం గారు. పూర్వం ఆస్పత్రిలో కాంపౌండరుగా చేశారు, ఇంట్లో పొద్దుపోక తరగతికి వస్తున్నారు. ఆయన పలకలో పెద్దమనిషి పుట్టడమే వందో పేజీలో. అంతకుముందు వంశం, నక్షత్రం, తల్లికి వచ్చిన కలలు.

ముగ్గురూ ఒకే పుస్తకాన్ని మూడు రకాలుగా ఆస్వాదించడం ఎంత బాగుందో చూడండని మేడమ్ మురిసిపోయారు. మేం చదివినవి మూడు పుస్తకాలు. ఆ మాట పైకి అనలేదు. అంటే చర్చ మొదలవుతుంది.

చదివేవాడి కళ్ళు ఎక్కడ నిలిచాయి, ఎక్కడ జారాయి, ఎక్కడ నిట్టూర్చాడు, అన్నీ పలక కనిపెడుతూ ఉంటుంది. దాన్నిబట్టి తరవాతి పేజీ అల్లుతుంది. చిన్నపిల్లలకు ముద్ద కలిపి పెట్టినట్టు. మాణిక్యానికి ఉప్పగా కన్నీళ్ళు కలిపి పెడుతుంది, గుర్నాథం గారికి నెయ్యి పోస్తుంది. నాకు మాత్రం ఒట్టి మెతుకులే చాలు. నేను ఆవలించిన కొద్దీ నా పుస్తకాలు సన్నబడుతున్నాయి. నిన్న వచ్చిన నవల ఒకటిన్నర పేజీ. అందులోనూ పేజీ ఎక్కువే అనిపించింది.

శుద్ధ దశమి

ఇంతకాలానికి ఒక పనికొచ్చే వ్యాసం చదివాను. ఇసుక తొట్టి కట్టుకుని, పోటు తీశాక ఉప్పు లేకుండా పారే కాలవ నీళ్ళు మంచినీళ్ళుగా చేసుకోవడం ఎలా అని కమిటీ అందరి పలకలకూ పంపింది. నాకు ఒక్క పేజీ వచ్చింది. అడుగున పెద్ద రాళ్ళు, వాటి మీద చిన్న గులకరాళ్ళు, పైన కడిగిన సన్న ఇసుక నడుములోతు. అడుగు నుంచి గొట్టం. ధార చిటికెనవేలి లావుకు మించకూడదు. అంతే. ఈ తరగతిలో చేరాక చదివినవాటిలో పని తెలిసినవాడు రాసింది ఇదొక్కటే.

మాణిక్యానికి అదే వ్యాసం చాంతాడంత వచ్చింది. అది చదువుతూ కూడా కళ్ళు ఒత్తుకుంది. ఇసుక తొట్టి గురించి ఏడ్చిన మనిషిని ఇంతవరకు చూడలేదు. గుర్నాథం గారి వ్యాసం గంగ ఆకాశం నుంచి దిగడంతో మొదలైంది. ఆయన దాన్ని రాగం తీసి వినిపించబోతుంటే పోటు వచ్చే వేళైందని లేచి వచ్చేశాను. కథలు ఎవరికి ఎలా చెప్పినా నష్టం లేదు. ఇసుక ఎవరికి చెప్పినా ఇసుకే కదా.

కమిటీ మనిషి పడవలో నిలబడే చెప్పి వెళ్ళాడు. మెరక నుంచి మాకు మంచినీళ్ళు తెచ్చే గొట్టం పౌర్ణమికి ఆపేస్తారు. ఆ తరవాత తొట్టి నీళ్ళకు రెండు పరీక్షలు. రెండూ తప్పిన వరసను ఖాళీ చేయించి మెరక మీది షెడ్లకు తీసుకుపోతారు. మెరక నేను చూశాను. షెడ్డుకొక నంబరు, కింద గట్టి నేల. అక్కడ గీకడానికి ఒక్క స్తంభం కూడా ఉండదు.

పౌర్ణమి

తొట్టి పూర్తయింది. వరసంతా ఇసుక మోసింది. రాళ్ళు నేనే పేర్చాను. నీళ్ళు అద్దంలా వస్తున్నాయి. మబ్బు పట్టి ఎండ పొయ్యిలు పనిచెయ్యని రోజులు, కాచుకునే దారి లేదు. అందరూ బిందెలతో నేరుగా పట్టుకుని తాగుతున్నారు.

ఈ వారం చదివింది సంతోషంగా ఉండడం ఎలా అనే పుస్తకం. మేడమ్ ఏరికోరి ఇచ్చారు. నా పలకలో అది నాలుగు వాక్యాలకు వచ్చింది. ఉన్నదానితో సరిపెట్టుకో, తిను, పడుకో, మాట్లాడకు. ఇది నేను ముందునుంచీ చేస్తున్నదే.

బహుళ చవితి

ఇసుక మీద జిగురు పట్టడం మొదలైంది. ఆకుపచ్చగా, వేలు పెడితే జారేటట్టు. ధార సన్నబడింది. ఇలాంటిది పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను. నీళ్ళలో ఏది పెట్టినా దాని మీద ఏదో ఒకటి పాకుతుంది, గీకితే పోతుంది. రేకు పెట్టి గీకాను. ధార మళ్ళీ బాగుపడింది. సాయంత్రాలు నీళ్ళు పూర్తిగా వదిలేసి ఇసుకను ఆరనిస్తున్నాను. పొద్దున మళ్ళీ నింపుతాను. ఇది వ్యాసంలో లేదు. ఇంగితం ఉన్నవాడికి చెప్పనక్కర్లేదు.

పక్షుల వలసల మీద ఒక వ్యాసం చదివాను. ఎగిరిపోతాయి, తిరిగి వస్తాయి. కాగితం మీద పెట్టాల్సిన సంగతేనా?

బహుళ షష్ఠి

మొదటి పరీక్ష తప్పాం. కమిటీ మనిషి చిన్న సీసాలో మందు వేసి, మా నీళ్ళు నింపి ఉంచాడు. మర్నాటికి సీసాలో నీళ్ళు సిరాలా నల్లబడ్డాయి. నల్లబడితే నీళ్ళలో రోగం ఉన్నట్టు.

బిందెలు కడుక్కోరు, నన్నంటే ఏం లాభం. గుర్నాథం గారు తన వ్యాసంలో జలాన్ని ఎడబాయని ఇసుక గురించి ఏదో గొప్ప వర్ణన ఉందని మొదలుపెట్టారు. వర్ణనలతో నీళ్ళు తెల్లబడితే ముందే తెల్లబడి ఉండేవన్నాను. ఆయన ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయారు. నేను వెళ్ళి ఇంకా లోతుగా గీకాను.

మాణిక్యం మనవరాలు రూతుకు వాంతులు, విరేచనాలు. రెండేళ్ళ పిల్ల. పడవలో ఆస్పత్రికి తీసుకెళ్ళారు.

ఈ వారం చదివినదాని గురించి రాయడానికి ఏమీ లేదు.

బహుళ అష్టమి

ఈ రాత మేడమ్ అడిగినదానికంటే పొడుగు. తగ్గించడం చేతకాలేదు.

పిల్ల ఇంకా తేరుకోలేదు. మాణిక్యం బట్టల కోసం ఇంటికి వచ్చింది. నేను తొట్టిలో దిగి, రేకు పట్టుకుని ఉన్నాను. తొట్టి పక్క చెక్క వంతెన మీద ఆగిపోయింది.

"ఏం చేస్తన్నావ్ అన్నాయ్?"

"కనపడట్లా? పాచి తీస్తన్నా."

"రోజూ తీస్తన్నావా?"

"రోజూ పడతంది, రోజూ తీస్తన్నా."

ఆమె బట్టల మూట దింపి చెక్కల మీద కూర్చుంది. నేను పిల్ల గురించి అడగాలనుకుంటున్నాను, ఎలా అడగాలో తెలియక ఇంకో పట్టు గీకాను.

"మా దాంట్లో అత్త గూడా అట్టానే గీకింది" అంది.

ఏ అత్త అన్నాను. వ్యాసంలో అత్త అంది. ఆమె పలక ఇసుక తొట్టిని కూడా ఒక కాపురంలో పెట్టింది. అందులో ఒక కోడలు తొట్టి కట్టింది. ఇసుక మీద పొర పట్టేదాకా ఆ నీళ్ళు ఇంట్లో ఎవరినీ ముట్టనివ్వలేదు. పొర లేకపోతే తొట్టి ఒట్టి ఇసుక గుట్టే అంటుంది ఆ కోడలు. అత్తకు అది మురికిలా కనిపించింది. కోడలు లేనప్పుడు పొరంతా గీకి పారేసి, తొట్టి తళతళలాడుతోందని వీధంతా పిలిచి చూపించింది. ఆ నీళ్ళు తాగి మనవడు పోయాడు.

"ఆ పొరలోనే ఉందంట అన్నాయ్ అంతా. కంటికి కనపడని జీవాలుంటయ్యంట, రోగం పురుగుల్ని అయ్యే తింటయ్యంట. అది ముదిరిందాకా ఆగమని కోడలు కాళ్ళు పట్టుకుని చెప్పుద్ది."

"ముందే చెప్పొచ్చుగా."

"కథనుకున్నా. ఏడిచి ఊరుకున్నా." నా చేతిలో రేకు వంక చూసింది. "నీ దాంట్లో లేదా?"

లేదన్నాను. అంత ముఖ్యమైంది ఎందుకు లేదంది. ఎందుకు లేదో నాకు తెలుసు. రాళ్ళు, ఇసుక, గొట్టం గురించి చదివాక నా పని అయిపోయిందనుకున్నాను. ఆ తరవాత ఏదో 'జాగ్రత్తగా' అనే మాటతో ఒక పేరా మొదలైంది. జాగ్రత్తలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు మంట. నిట్టూర్చాను. పేరా మొదలైనచోటే ఆగి, పేజీ సర్దుకుంది. నాకు తగ్గట్టు.

"ఆవలించుంటాను" అన్నాను.

ఆమె మూట ఎత్తుకుంది.

"తొట్లోంచి బయటికి రా. ఇంక గీకమాకు."

వచ్చాను.

బహుళ నవమి

పొద్దున్నే మేడమ్ ఇంటికి వెళ్ళి ఆ వ్యాసం అసలు ప్రతి కావాలని అడిగాను. ఆమె నవ్వి, జాలిగా చూశారు. "అసలు అంటూ ఒకటి ఉండదు పోలయ్య గారూ. చదివేవారిని బట్టే రచన. మీకు వచ్చిందే మీకు అసలు." ఆ ముక్క పిల్లకు చెప్పాల్సింది, ఆస్పత్రిలో. మేడమ్, ఇది మీరే చదువుతారని తెలుసు. అయినా కొట్టెయ్యడం లేదు.

అక్కణ్ణుంచి గుర్నాథం గారి ఇంటికి వెళ్ళాను. మొన్నటి మాటకు ఆయన ఇంకా మూతి ముడుచుకునే ఉన్నారు. క్షమించండి అనడం నాకు రాదు. మీ వ్యాసం మొత్తం చదివి వినిపిస్తారా అన్నాను. ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చున్న తీరు చూస్తే, తప్పు ఒప్పుకోవడానికి ఇంతకంటే పెద్ద శిక్ష ఉండదనిపించింది.

మధ్యాహ్నం మాణిక్యం పలక కూడా తెచ్చి ముగ్గురం ఆయన వరండాలో కూర్చున్నాం. ఒకరు వాళ్ళ పలకలోది వాక్యం వాక్యం చదవాలి, మిగతా ఇద్దరూ అది తమ దాంట్లో ఉందో లేదో చూడాలి. చెప్పడానికి తేలికే. మాణిక్యం పలకకు ఎదురుగా కూర్చుని నేను ఊపిరి బిగపట్టాల్సి వచ్చింది. నేను నిట్టూరిస్తే అది ఎక్కడ కోడలి కన్నీళ్ళు తగ్గించేస్తుందోనని భయం. ఆ కన్నీళ్ళలోనే ఎక్కడో పొర ముదరడానికి ఎన్ని వారాలో ఉంది. గుర్నాథం గారి గంగ ఆకాశం నుంచి దిగి, కొండలు దాటి, మా తొట్టిలోకి చేరేసరికి కాళ్ళు తిమ్మిరెక్కాయి. చేరాక మాత్రం అసలు మాట ఒకటి ఉంది. ప్రియురాలిని విడవని ప్రియుడిలా జలం ఇసుకను ఏ క్షణమూ వీడరాదట. అంటే తొట్టి ఎండకూడదు. ఎండితే పొర చస్తుంది. మూడు పేజీల పొగడ్త కింద ఆ ఒక్క ముక్కను పాతిపెట్టారు.

"నేను అలంకారం అనుకున్నానోయ్ పోలయ్యా" అన్నారాయన, పలక తుడుచుకుంటూ. కాంపౌండరుగా నలభై ఏళ్ళు మందులు కలిపిన మనిషి.

నాకున్న కొలతలు ఆ ఇద్దరికీ లేవు. మాణిక్యం పలకలో ఇసుక "కావలసినంత". గుర్నాథం గారి పలకలో "అపారం".

ముగ్గురిలో ఎవరూ తెలివైనవాళ్ళం కాము. ఒకరు ఏడ్చి వదిలేశారు, ఒకరు పాడి వదిలేశారు, ఒకడు అసలు చదవనే లేదు. ఆ మూడోవాడే అందరికంటే ఎక్కువ మిడిసిపడ్డాడు.

ఆషాఢ శుద్ధ పాడ్యమి

రాళ్ళు కదపకుండా ఇసుక మళ్ళీ కడిగి పోశాం. నీళ్ళు ఎప్పుడూ ఇసుక మీద మోచేతి ఎత్తున నిలిచి ఉంటున్నాయి. ధార ఆపడం లేదు. పొర ముదిరేదాకా ఆ నీళ్ళు బట్టలకే. తాగడానికి కాలవ నీళ్ళే కాచుకుంటున్నాం. ఎండ పొయ్యిలు వెలగవు కాబట్టి, ఇంటి మరమ్మతుకని దాచుకున్న నా పాత స్తంభాలు చీల్చి మంట పెట్టాను. వరసంతా వచ్చి ఆ మంట మీదే కాచుకుంటోంది. పొగకు కళ్ళు మండుతున్నాయి.

రూతు ఇంటికి వచ్చింది. మెడ మీద తల నిలవడం లేదు. మాణిక్యం ఎత్తుకుని తీసుకొచ్చి నా ముందు నిలబడింది. పిల్ల నన్ను చూసి ముఖం తిప్పుకుంది. మంచి గుర్తు అంది మాణిక్యం, ఆరోగ్యంగా ఉన్నప్పుడూ నిన్ను చూస్తే అంతే గదా అని.

చదివింది: మాణిక్యం పలకలోని కోడలి కథ, మళ్ళీ. ఈసారి చివరిదాకా. నాకేమనిపించిందంటే, అత్త పాత్ర బాగా రాశారు.

శుద్ధ అష్టమి

జిగురు మళ్ళీ పట్టింది. ధార సన్నబడింది. నా చెయ్యి రేకు మీదికి పోతోంది. బతుకంతా నేను గీకి పారేసినదాన్ని ఇప్పుడు కాపలా కాస్తున్నాను. రేకు తీసుకెళ్ళి గుర్నాథం గారి ఇంట్లో పెట్టాను. పొరను ముద్దు చేస్తూ ఆయన ఏవో పద్యాలు కడుతున్నారు. వినలేదు. విన్నట్టు కూర్చున్నాను.

రెండో పరీక్ష పౌర్ణమికి. ఇద్దరు ముగ్గురు అప్పుడే మూటలు కడుతున్నారు. అందులో నన్ను మీటింగులో ఇరికించినవాడొకడు. మెరక మీద షెడ్డులో కిటికీ వైపు దొరకాలంటే ముందు వెళ్ళాలట.

ఆషాఢ పౌర్ణమి

నిన్న కమిటీ మనిషి నీళ్ళు సీసాలో పోసి మూత బిగించాడు. ఇవాళ మధ్యాహ్నం తీసి చూశాడు. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. సీసాను వెలుతురుకు పట్టి, తిప్పి, ఇంకోసారి చూశాడు. మా వరస మీద అతనికి అంత నమ్మకం. కాగితం మీద ముద్ర వేశాడు. మాణిక్యం ఒక గ్లాసు పట్టి ముందు తను తాగి, తరవాత నాకిచ్చింది. ఇంకో వారం దాకా పిల్లకు కాచిన నీళ్ళేనంది. నేను అదే చెప్పబోతున్నాను.

మూటలు కట్టినవాళ్ళు విప్పుకుంటున్నారు.

శుద్ధం పోయి బహుళం వచ్చిన మూడో రోజు

మేడమ్, ఇదే నా ఆఖరి రాత. దీనితో తరగతి పూర్తయినట్టు చీటీ ఇస్తానన్నారు.

మూడు పలకల్లోంచి ఏరిన ముక్కలన్నీ కలిపి తొట్టి గోడ మీద పడవ రంగుతో రాశాను. నాకు వచ్చిన అక్షరాలు పడవల మీదివే కాబట్టి ఒక్కొక్కటీ అరచేయంత ఉన్నాయి. కొలతలు నావి. కోడలు, అత్త, పోయిన మనవడు మాణిక్యానివి. ఆ పిల్లవాడు లేకపోతే ఎవరూ ఆగి చదవరని ఆమె పట్టుబట్టింది. గుర్నాథం గారిది ఒక్క వాక్యమే ఒప్పుకున్నాను, ప్రియురాలు, ప్రియుడు. దాని కోసం ఆయన రెండు రోజులు అలిగారు.

వరసలో ఎవరికీ నచ్చలేదు. పొడుగని ఒకరు, ఏడుపని ఒకరు, నీళ్ళ దగ్గర ఈ శృంగారం ఏంటని ఇంకొకరు. కమిటీ మనిషి పడవ ఆపి, తల వెనక్కి వంచి చదివాడు. పైనుంచి కిందిదాకా వచ్చేసరికి విసుగొచ్చినట్టుంది.

"ఇది ఎవరికి తగ్గట్టు రాశారండీ?"

"తాగేవాళ్ళకి" అంది మాణిక్యం, చేపలు తిరగేస్తూ.

ఇవాళ తొట్టి చూడ్డానికి వెళ్ళి గోడ ముందు నిలబడ్డాను. పై నుంచి మొదలుపెట్టి చదివాను. ప్రియురాలు, ప్రియుడు అన్నచోటికి వచ్చేసరికి పెద్దగా నిట్టూర్చాను. ఆవలించాను కూడా. గోడ మీద ఒక్క అక్షరం తగ్గలేదు. మిగిలింది కూడా చదవాల్సి వచ్చింది.